ఒకటే బోర్డు, రెండు డ్రాలా?

ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్, మల్లాపూర్ చుట్టుపక్కల ఆఫీసుల్లో, అపార్టుమెంట్లలో డార్ట్స్ ఆడేవాళ్లను ఒక ఆదివారం ఒకచోట చేర్చి టోర్నమెంటు పెట్టాలని నాచారంలో ఒక తమ్ముడు పట్టుబట్టాడు. ఉద్యోగం ఉప్పల్‌లో, ఐటీ కంపెనీలో. లంచ్ తర్వాత కాలక్షేపానికి పట్టుకున్న ఆట ఇప్పుడు ఇంటి హాల్లో గోడకెక్కింది. అతని అక్క ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలు. కబడ్డీ, ఖోఖో జట్లను మండల పోటీలకు తిప్పీ తిప్పీ గొంతు బొంగురుపోయిన మనిషి. ఇద్దరి మధ్య పేచీ ఒక్కటే: ఆడవాళ్లకు విడిగా డ్రా వేయాలా, అందరికీ కలిపి ఒకటే వేయాలా? విడిగా వద్దన్నది తమ్ముడు, కావాలన్నది అక్క. నేను వాళ్ల పక్కింట్లో ఉంటాను. కొంత విన్నాను, కొంత అడిగి రాసుకున్నాను.

తమ్ముడు: అక్కా, పోస్టర్ అచ్చుకు ఇస్తున్న. ‘అందరికీ ప్రవేశం’ అని ఒక్క మాట రాసిన. మొగోళ్లకు వేరే, ఆడోళ్లకు వేరే అని లేదు.

అక్క: ఎందుకు లేదు?

తమ్ముడు: ఎందుకుండాలె? ఇదేమన్న షాట్‌పుటా? డార్ట్ బరువు ఇరవై, ఇరవై అయిదు గ్రాములు. గీత కాడికెల్లి బోర్డు 2.37 మీటర్ల దూరం. బోర్డు నడుమ ఉండే బుల్ నేల మీదికెల్లి 1.73 మీటర్ల ఎత్తు. ప్రపంచ చాంపియన్‌కు అదే గీత, నీకు అదే గీత. కండబలంతోని పని లేని ఆటల వేరే డ్రా పెడితే, ఆడోళ్లు తక్కువ అని మనమే రాసిచ్చినట్టు అయితది.

అక్క: 1.73 అంటే అయిదడుగుల ఎనిమిదంగుళాలు. నువ్వు గీత మీద నిలబడితే బుల్ నీ కండ్ల ముందట ఉంటది. నాకు నెత్తి మీద ఉంటది. ఆ ఎత్తు ఎవరిని నిలబెట్టి కొలిచిన్రో గని, మన ఇండ్లల్ల ఆడోళ్లను నిలబెట్టి అయితే కాదు.

తమ్ముడు: ఎత్తుతోని గెలుపు రాదక్కా. 2019 డిసెంబరుల లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌ల ఏమైందో ఎరుకనా? పీడీసీ ప్రపంచ చాంపియన్‌షిప్. ఫాలన్ షెరాక్ అనే ఆమె టెడ్ ఎవెట్స్‌ను 3-2తో ఓడగొట్టింది. ఆ టోర్నమెంటుల మొగాయన మీద గెలిచిన మొదటి ఆడమనిషి ఆమెనే. నాలుగు రోజులకు పదకొండో సీడ్ మెన్సూర్ సుల్యోవిచ్‌ను 3-1తో పంపించింది, అదీ ఆఖరి డార్ట్ బుల్‌ల కొట్టి. మూడో రౌండుల క్రిస్ డోబీ మీద ఓడింది గని, అప్పటికే చెప్పాల్సింది చెప్పేసింది. ఆమెకు ఎవరన్న తక్కువ ఎత్తుల బోర్డు పెట్టిన్రా?

అక్క: లేదు. గని ఆమె ఆ స్టేజి మీదికి ఎట్ల పోయింది?

తమ్ముడు: క్వాలిఫయర్ గెలిచి.

అక్క: ఏ క్వాలిఫయర్?

తమ్ముడు: ఆడోళ్ల క్వాలిఫయరే. ఆ ఏడు రెండు సీట్లు వాళ్లకు పెట్టిన్రు. ఒకటి షెరాక్‌కు, ఇంకోటి జపాన్ అమ్మాయి మికురు సుజుకికి వచ్చింది. సుజుకి కూడ మొదటి రౌండుల ఆఖరి సెట్టు దాక గుంజి 3-2తో ఓడింది.

అక్క: మరి? విడిగా పెట్టిన ఆ రెండు సీట్లు లేకపోతే ఆ రాత్రి షెరాక్ ఇంట్ల టీవీ ముందట కూసుంటుండె. నువ్వు చెప్పే కథల సగమే చెప్తవు.

తమ్ముడు: అది ప్రపంచ పోటీ. మనది నాచారం పోటీ. ఎవరొచ్చినా పేరు రాసుకుంటం, ఎవరినీ ఆపం. ఇంక సీట్లెందుకు?

అక్క: సరే, నీ లెక్కలకే వస్త. 64 పేర్లు వస్తయనుకో. అండ్ల ఆడోళ్లు ఎంతమంది ఉంటరు?

తమ్ముడు: మా ఆఫీసుల కెల్లి ముగ్గురు, జినోమ్ వ్యాలీ దిక్కు పనిచేసేటోళ్లు ఇద్దరు… ఎనిమిది మంది అనుకో.

అక్క: ఎనిమిదే అనుకుందాం. ఆటల కూడ మొగోళ్లతోని సమానమే అనుకుందాం, నీ మాట నిలబెట్టేదానికి. నాకౌట్‌ల మొదటి రౌండు అయ్యేసరికి సగం మంది ఇంటికి పోతరు గదా. ఎనిమిది మందిల నలుగురు మిగులుతరు. రెండో రౌండు అయినంక ఇద్దరు. క్వార్టర్ ఫైనల్ కాడికి ఒక్కతి. అదీ అంత సక్కగ జరిగితే. సాయంత్రం ఫైనల్ చూడనీకి వచ్చిన ఆడపిల్లకు స్టేజి మీద ఎవరు కనబడతరు? ఇద్దరు మొగోళ్లు. ఇండ్ల ఎవరి తప్పూ లేదు, ఎవరూ తక్కువ ఆడలేదు. మందిల కొద్దిమంది ఉంటే అంతే అయితది.

(ఈ లెక్కను ఆ రాత్రి కాగితం మీద వేసి చూశాను. ఆటలో ఏ తేడా లేకపోయినా తక్కువమంది ఉన్న పక్షం పైరౌండ్లకు వచ్చేసరికి కనుమరుగవుతుంది. దాన్ని చూసి “వాళ్లకు ఆట రాదు” అని తీర్పు చెప్పేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు.)

తమ్ముడు: సరే. అయితే ఆ ఎనిమిది మందిని వేరే గదిల కూసోబెడితే ఏమైతది? వాళ్లల్ల వాళ్లే ఆడుకుంటరు. గట్టి ఆటగాళ్లు ఎదురుపడకపోతే ఆట పెరగది. పది మంది ఆడిన పోటీల గెలిచినామెకు కప్పిస్తే, “ఆడోళ్ల కప్పే గదా” అంటరు. ఇంకో సంగతి చెప్త విను. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌ల స్కీట్ షూటింగ్ ఆడ, మగ కలిపి ఉండె. చైనా అమ్మాయి ఝాంగ్ షాన్ మొదటి రౌండ్లల్ల 200కు 200 కొట్టి, బంగారు పతకం ఎత్తుకపోయింది. తర్వాత అట్లాంటాల ఏమైంది? స్కీట్ మొగోళ్లకే పెట్టిన్రు. ఆడోళ్లకు ఆ పోటీనే లేదు. గెలిచినామెకు తన మెడల్ కాపాడుకునే అవకాశమే లేకపాయె. సిడ్నీల, 2000ల మళ్ల ఆడోళ్ల స్కీట్ వచ్చింది. వేరే పెట్టుడు అంటే ఇదే అక్కా. ఇయ్యాల మర్యాద కోసం అంటరు, రేపు తలుపు మూస్తరు.

(ఝాంగ్ షాన్ పేరు విన్నాక అక్క కాసేపు మాట్లాడలేదు. సంవాదం మొత్తం మీద తమ్ముడి చేతిలో ఇంతకంటే గట్టి ఉదాహరణ లేదు.)

అక్క: అది అన్యాయమే. అండ్ల అన్యాయం ఏంది? ఆడోళ్లకు వేరే పోటీ పెట్టుడా, కలిపి ఉన్న పోటీల కెల్లి వాళ్లను తీసేసుడా?

తమ్ముడు: రెండూ ఒకటే.

అక్క: కాదు. చెస్ చూడు. గుడివాడల పుట్టిన కోనేరు హంపి 1999ల అహ్మదాబాద్‌ల ఆసియా యూత్ పోటీల అండర్-12ల మొగపిల్లలతోని ఆడి గెలిచింది. 2002ల గ్రాండ్‌మాస్టర్ అయ్యింది, అప్పటికి ప్రపంచంల అంత చిన్న వయసుల ఆ టైటిల్ తెచ్చుకున్న ఆడపిల్ల లేదు. ఆమెనే 2019ల, మళ్ల 2024ల మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ కూడ కొట్టింది. ఎట్లైంది? చెస్‌ల ‘పురుషుల విభాగం’ అని ఉండదు. ఓపెన్ ఉంటది, మహిళలది ఉంటది. ఓపెన్‌ల ఎవరన్న ఆడొచ్చు. మీ డార్ట్స్‌ల కూడ అంతే గదా, నువ్వే ఒకసారి చెప్పినవు, ఎవరో గ్రీవ్స్ అని.

తమ్ముడు: బో గ్రీవ్స్. మూడు సార్లు మహిళల ప్రపంచ చాంపియన్. 2025 అక్టోబరుల వరల్డ్ యూత్ చాంపియన్‌షిప్ సెమీఫైనల్‌ల లూక్ లిట్లర్‌ను 6-5తో కొట్టింది. లిట్లర్ అంటే మామూలోడు కాదు, పదిహేడేండ్లకే ప్రపంచ చాంపియన్ అయినోడు. అక్కా, అది కలిపి ఆడే పోటీ. నా మాటనే నిలబెట్టినవు.

అక్క: ఆ మూడు టైటిళ్లు నా మాట నిలబెడతయి. చెరి సగం తీసుకుందాం.

తమ్ముడు: నువ్వు ఎంత చెప్పినా, బలంతోని పని లేని ఆటల వేరే విభాగానికి కారణం నాకు దొరకట్లే.

అక్క: బలం గురించి నేను మాట్లాడనే లేదు. నువ్వే మాట్లాడుతున్నవు. నేను అడిగేది టైం గురించి. మీ ఆఫీసుల లంచ్ తర్వాత బోర్డు చుట్టు ఎవరుంటరు?

తమ్ముడు: మా టీం పోరగాళ్లు.

అక్క: సాయంత్రం ఆరు తర్వాత?

తమ్ముడు: అదే పోరగాళ్లు. ఆడోళ్లకు క్యాబ్ టైం ఉంటది గదా.

అక్క: అదే అంటున్న. బోర్డు అంచున ఉండే డబుల్ రింగు వెడల్పు ఎంత?

తమ్ముడు: ఎనిమిది మిల్లీమీటర్లు.

అక్క: 501 తగ్గించుకుంట వచ్చి, ఆఖరికి ఆ ఎనిమిది మిల్లీమీటర్లల్ల ఒకటి గుచ్చితేనే ఆట అయినట్టు. దానికి కండ అక్కరలేదు, ఒప్పుకుంట. వేల సార్లు విసిరిన చెయ్యి కావాలె. ఆ వేల సార్లు ఎవరికి దొరికినయి? మా బడిల కూడ ఇదే చూస్తున్న. పీఈటీ పీరియడ్‌ల గ్రౌండ్ మధ్యల క్రికెట్ ఆడే పిల్లగాళ్లు, అంచుల పొంటి ఆడపిల్లలు. ఒక్కరోజు గ్రౌండ్ మొత్తం ఆడపిల్లలకే అని రాసి పెడితే, ఆ రోజే వాళ్లు పరుగెత్తుతరు.

తమ్ముడు: మరి ఇంట్ల బోర్డు ఉంది గదా, వాళ్లూ కొనుక్కోవచ్చు.

అక్క: నీ ఇంట్ల బోర్డు మీద నీ పెండ్లాం ఎన్ని సార్లు విసిరింది?

(తమ్ముడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. లోపలి నుంచి ఎవరో నవ్విన చప్పుడు మాత్రం వినిపించింది.)

అక్క: నేను నీ బోర్డు మీద నేర్చుకున్న సంగతి ఒకటుంది. కొత్తోళ్లు అందరూ పైన 20 మీదికి విసురుతరు, ఎక్కువ నంబరని. దాని అటిటు 5, 1 ఉన్నయి. జర తప్పితే మూడు డార్ట్‌లకు ఏడు పాయింట్లు. నేను ఎడమ దిక్కు, 14, 11, 8, 16 ఉన్న కాడ విసురుత. తప్పినా పెద్ద నష్టం ఉండదు. ఇది నాకు ఎవరూ చెప్పలే. ఏండ్ల సంది ఆడేటోళ్లు ఒకరికొకరు చెప్పుకుంటరు కాబట్టి వాళ్లకు తెలుసు. బోర్డు అందరికీ ఒకటే, ఆ ముచ్చట్లు మాత్రం అందరి చెవులల్ల పడవు.

తమ్ముడు: బాగుంది. అయితే ఇగ అసలు పని మాట్లాడుదాం. జాగ కుదిరింది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక బార్ ఉంది, నాలుగు బోర్డులు పైసా లేకుండ ఇస్తమన్నరు.

అక్క: బార్‌లనా? ఎనిమిది మంది వస్తరన్నవు గదా. ఇప్పుడు ఇద్దరు.

తమ్ముడు: ఇంగ్లండ్‌ల ఈ ఆట పబ్బులల్లనే పెరిగింది. మన దగ్గర కూడ బోర్డులు ఎక్కువ పబ్బులల్లనే ఉన్నయి.

అక్క: ఇంగ్లండ్‌ల పబ్బు అంటే కుటుంబాలు కూడ పోతయంటరు. ఉప్పల్ బార్‌కు మా బడి టీచరు మొగనితోని చెప్పి పోతదా? మేడిపల్లి కెల్లి ఇంటర్ చదివే పిల్ల పోతదా? నీ పోస్టర్ మీద ‘అందరికీ ప్రవేశం’ అని ఉంటది, బార్ తలుపు మీద ఉండదు.

తమ్ముడు: అయితే ఫంక్షన్ హాలు. నాచారంల ఉన్నయి గని, ముహూర్తాల రోజుల కిరాయి నా జీతం మింగుతది. ఆషాఢంల పెడదాం. పెండ్లిళ్లు ఉండవు, ఆదివారాలు ఖాళీ, సగం ధరకు ఇస్తరు.

అక్క: ఆషాఢం ఆదివారం?

తమ్ముడు: అవును.

అక్క: ఆషాఢం ఆదివారం హైదరాబాద్‌ల ఏముంటది తమ్ముడూ?

తమ్ముడు: …బోనాలు.

అక్క: బోనం ఎవరు ఎత్తుతరు? పొద్దున లేచి అన్నం వండి, కుండకు పసుపు కుంకుమ పెట్టి, వేపాకు కట్టి, నెత్తిన పెట్టుకుని గుడికి పోయేది ఎవరు? మీ హాలు ఖాళీగ ఉండేది ఇంట్ల ఆడోళ్లకు ఊపిరి సలపని రోజున. ఎవరినీ ఆపలేదని అంటవు. తారీఖే ఆపుతది గదా!

(నేను ఈ మాట దగ్గర రాసుకోవడం ఆపి నవ్వాను. ఇందులో తమ్ముడి దురుద్దేశం రవ్వంత లేదు. అతను చూసింది కిరాయి ఒక్కటే. ఇలాంటి పోటీల్లో ఆడవాళ్లు ఎందుకు రాలేదని తర్వాత చర్చలు పెట్టేవాళ్లు క్యాలెండరు కూడా ఒకసారి తీసి చూస్తే మంచిది.)

తమ్ముడు: సరే, పుష్యమాసం. అప్పుడు కూడ పెండ్లిళ్లు ఉండవు. సంక్రాంతికి ఊర్లకు పోయినోళ్లు తిరిగొచ్చినంక వచ్చే ఆదివారం పెడదాం. పొద్దున పదికి మొదలు, రాత్రి పదికి ఫైనల్.

అక్క: రాత్రి పది అయినంక నాచారం కెల్లి ఎట్ల పోతరు? మెట్రో మనకు లేదు, హబ్సిగూడ దాక పోవాలె. ఆ టైంల షేర్ ఆటోల ఒక ఆడపిల్ల కూసుంటదా? 2023 డిసెంబరు కెల్లి ఆడోళ్లకు బస్సు టికెట్ లేదు, మంచిదే. బస్సు ఉన్న టైంల ఆట అయిపోతేనే అది పనికొస్తది. ఫైనల్ సాయంత్రం అయిదున్నరకు పెట్టు.

తమ్ముడు: 64 మందితోని అయిదున్నరకు ఎట్ల అయితది?

అక్క: మొదటి రౌండ్లు మూడు లెగ్గులకు పెట్టు, బోర్డులు ఎనిమిది చెయ్యి. ఇంకోటి. నేరుగ నాకౌట్ పెట్టకు. ఘట్‌కేసర్ కెల్లి రెండు బస్సులు మారి వచ్చినామె పది నిమిషాలల్ల ఓడి ఇంటికి పోతే మళ్ల రాదు. ఆడోళ్ల దాంట్ల నలుగురిని నలుగురిని గ్రూపులు చెయ్యి. ప్రతి ఒక్కరికీ మూడు ఆటలు ఖాయం.

తమ్ముడు: మొగోళ్లు కూడ మాకూ మూడు ఆటలు కావాలంటరు.

అక్క: అందరికీ పెట్టు. నేను వద్దన్ననా?

తమ్ముడు: (నవ్వుతూ) నీతోని వాదన పెట్టుకుంటే ఖర్చు పెరుగుతది. ఇగ బహుమతులు. ఒక దుకాణం ఆయన స్పాన్సర్ చేస్తనన్నడు. ఓపెన్ విన్నర్‌కు పదివేలు నగదు. మహిళల విన్నర్‌కు మిక్సీ.

అక్క: మిక్సీనా?

తమ్ముడు: మంచి కంపెనీదే.

అక్క: దీపికా పల్లికల్ పేరు విన్నవా? స్క్వాష్. మొగోళ్లకు ఒక లెక్క, ఆడోళ్లకు ఒక లెక్క ఇస్తున్నరని 2012 కెల్లి 2015 దాక నేషనల్స్ ఆడనే లేదు. 2016ల కేరళల సమానంగ ఇస్తమంటే వచ్చింది, వచ్చి టైటిల్ కొట్టింది. క్రికెట్ బోర్డు లెక్క చూడు. 2022 అక్టోబరుల బీసీసీఐ ఆడ, మగ ఇద్దరికీ ఒకటే మ్యాచ్ ఫీజు అన్నది. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. అంత పెద్ద బోర్డే దిగొచ్చింది, నువ్వు మిక్సీ కాడ ఆగినవు.

తమ్ముడు: ఎనిమిది మంది ఆడేదానికి, 56 మంది ఆడేదానికి ఒకటే నగదు ఎట్ల ఇస్త అక్కా? ఎంట్రీ ఫీజులు ఎవరివి?

అక్క: అది అడిగినవు, న్యాయమైన ప్రశ్న.

(న్యాయమైన ప్రశ్నే. అక్క దగ్గర దీనికి సూటి జవాబు లేదు. మొదటి ఏడాది సమానంగా ఇస్తే రెండో ఏడాది ఎనిమిది మంది ఇరవై మంది అవుతారని ఆమె నమ్మకం. కావచ్చు, కాకపోవచ్చు. నాకు మాత్రం ఈ ఒక్కచోట తమ్ముడి లెక్క కొట్టిపారేసేది కాదనిపించింది. చివరికి స్పాన్సరుతో మాట్లాడి రెండింటికీ నగదే, మహిళలకు ఆరువేలు అని ఒప్పుకున్నాడు. అక్కకు అది నచ్చలేదు. మిక్సీ కంటే నయం అంది.)

తమ్ముడు: ఇంకో దారి ఉంది. మిక్స్‌డ్ జోడీలు పెడదాం. విలువిద్యల చూడు, 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడలల్ల మన విజయవాడ జ్యోతి సురేఖ, ఓజస్ దేవ్‌తలే కలిసి కాంపౌండ్ మిక్స్‌డ్ టీం బంగారం తెచ్చిన్రు. ఒకటే దూరం, ఒకటే టార్గెట్. ఇగ ఆడ లేదు, మగ లేదు.

అక్క: జోడీ అంటే పెండ్లాం కొట్టేటప్పుడు పక్కన నిలబడి “అటు కాదు ఇటు కొట్టు” అని చెప్పే మొగుడు నాకు ఎరుకే.

తమ్ముడు: డార్ట్స్ జోడీలల్ల వంతులు తప్పవక్కా. ఆమె మూడు, ఇతను మూడు. ఆఖరికి 32 మిగిలినప్పుడు వంతు ఆమెదైతే ఆమెనే ముగించాలె. 32 ఎందుకు మంచిదంటే డబుల్ 16 తప్పి మామూలు 16ల పడినా 16 మిగులుతది, అది డబుల్ 8. అదీ తప్పితే డబుల్ 4. పక్కన నిలబడి చెప్పేటోడికి చెప్పడమే మిగులుతది, కొట్టుడు ఆమె చేతులనే ఉంటది.

అక్క: అది బాగుంది. అది కూడ పెట్టు. గని దాన్ని చూపించి నా విభాగం తీసెయ్యకు. క్యారంబోర్డుకు బలం కావాల్నా? వద్దు గదా. మన హైదరాబాద్ ఎల్‌ఐసీ ఉద్యోగి ఎస్. అపూర్వ 2016ల బర్మింగ్‌హామ్‌ల ప్రపంచ మహిళల క్యారమ్స్ చాంపియన్ అయ్యింది. ఆ విభాగం లేకపోతే ఆ పేరు నీకు, నాకు తెలుస్తుండెనా? నా బడిల పిల్లలకు నేను ఎవరి పేరు చెప్పాలె?

తమ్ముడు: సరే రాస్తున్న. ‘ఓపెన్: ఎవరైనా. మహిళలు: పొద్దున పదికి. ఓపెన్: పన్నెండున్నరకు.’ మహిళల దాంట్ల ఆడినోళ్లు ఓపెన్‌ల కూడ ఆడొచ్చు. టైం కలవకుండ పెట్టిన. ఇగ చాలునా?

అక్క: నా పేరు రెండింట్ల రాసుకో.

తమ్ముడు: ఓపెన్‌కు మూడు వందలు, మహిళలకు రెండు వందలు. మొత్తం అయిదు వందలు తియ్యి.

అక్క: రెండూ ఆడే ఆడమనిషికి మూడు వందలే పెట్టు. లేకపోతే రెండు వందలు కట్టి పొద్దున ఆడి ఇంటికి పోతరు. నీ ఓపెన్ మళ్ల మొగోళ్లదే అయితది.

తమ్ముడు: అట్ల చేస్తే ఓపెన్‌ల మొగోళ్లు లొల్లి పెడతరు. ‘వాళ్లకు రెండు అవకాశాలు, మాకు ఒకటి, పైకెల్లి ఫీజు కూడ తక్కువనా’ అంటరు.

అక్క: లొల్లి పెట్టేటోళ్ల పేర్లు రాసియ్యి. మొదటి రౌండుల వాళ్లనే నాకు వెయ్యి.

తమ్ముడు: డ్రా చీటీలతోని వేస్తరక్కా. నువ్వు అడిగినోళ్లను వెయ్యరు.

అక్క: అయితే చీటీలు నేనే తీస్త.